పాత ట్రాక్టర్లలో వచ్చిపోయే ట్రాన్స్‌మిషన్ లోపాలు: నిర్ధారణ క్రమం

వరి సాగులో దమ్ముకు దొరికే వ్యవధి పరిమితం. కాలువ నీరు అందిన నాటి నుంచి నాట్లు ముగిసే వరకు ప్రతి రోజూ విలువైనదే. పంట కాలపరిమితిలో నెలకొక వారం చొప్పున నారు వయస్సు ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. ఆ లెక్కన 120 రోజుల రకానికి నాలుగు వారాలు దాటితే అది ముదురు నారే. ముదురు నారు నాటినచోట పిలకలు తగ్గుతాయి. కనుక దమ్ము సమయంలో ట్రాక్టరు నాలుగు రోజులు నిలిచిపోతే ఆ నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు, దిగుబడి వరకు వెళుతుంది.

పూర్తిగా విరిగిన భాగాన్ని గుర్తించడం తేలిక. ఉదయం బాగా పనిచేసి, మధ్యాహ్నానికి మొరాయించి, షెడ్డుకు చేరేసరికి మళ్లీ సవ్యంగా నడిచే ట్రాక్టరుతోనే చిక్కు. షెడ్డులో లోపం కనిపించనందున మెకానిక్ అనుమానం ఉన్న భాగాన్ని మారుస్తాడు. రైతు డబ్బు వెచ్చిస్తాడు. పొలంలో దిగగానే లోపం మళ్లీ వస్తుంది. ఇటువంటి సందర్భంలో ‘ఏ భాగం చెడింది’ అనే ప్రశ్న కంటే ముందు ‘ఏ పరిస్థితిలో లోపం వస్తోంది, ఏ పరిస్థితిలో పోతోంది’ అనే ప్రశ్నకు సమాధానం రాబట్టాలి. పైరు పసుపుబారినపుడు ముదురు ఆకులపై మొదలైతే నత్రజని లోపాన్ని, లేత ఆకులపై మొదలైతే ఇనుము లోపాన్ని అనుమానించడం విస్తరణ శాస్త్రవేత్తలకు అలవాటైన పద్ధతే. యంత్రానికీ అదే తర్కం వర్తిస్తుంది.

మొదటి విభజన

‘ట్రాక్టరు లాగడం లేదు’ అన్న ఒక్క ఫిర్యాదు వెనుక కనీసం మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. లోపం వచ్చిన క్షణంలో ఇంజను శబ్దాన్ని, వెనుక చక్రాన్ని కలిపి గమనిస్తే అవి విడిపోతాయి.

బరువు పడినపుడు ఇంజను వేగమే తగ్గిపోతే ముందుగా డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు చూడాలి. అప్పటికి గేరు బాక్సు విప్పవలసిన అవసరం లేదు. ఇంజను వేగం తగ్గకపోయినా చక్రం నెమ్మదిస్తే క్లచ్ జారుతున్నట్లు. చక్రం సవ్యంగా తిరుగుతున్నా ట్రాక్టరు కదలకపోతే అది బురదలో చక్రం జారడమే. దమ్ములో ఈ చివరి రెండింటినీ ఒకటిగా భావించి మంచి క్లచ్ ప్లేటును మార్చే పొరపాటుకు అవకాశం ఉంది.

క్లచ్

క్లచ్ జారడం మొదట పై గేర్లలో, అధిక బరువు కింద బయటపడుతుంది. మాడిన వాసన తోడవుతుంది. తొలి పరిశీలన పెడల్ వద్దే జరగాలి. చాలా మోడళ్లలో పెడల్‌కు సుమారు 20 నుంచి 35 మి.మీ. ఖాళీ కదలిక ఉంటుంది. ఖచ్చితమైన కొలతకు ఆ ట్రాక్టరు మాన్యువలే ప్రమాణం. ఖాళీ లేకపోయినా, డ్రైవరు పెడల్‌పై కాలు ఆన్చి నడిపినా ప్లేటు పూర్తిగా పట్టుకోదు. ఖాళీ మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవక గేరు వేసేటపుడు గరగరమంటుంది.

డబుల్ క్లచ్ ఉన్న ట్రాక్టరులో మరొక ఆధారం లభిస్తుంది. రోటవేటరు వేగం తగ్గకుండా ముందుకు నడక మాత్రమే మందగిస్తే ప్రధాన ప్లేటును అనుమానించాలి. సింగిల్ క్లచ్ ట్రాక్టరులో ఆ రెండూ కలిసే మందగిస్తాయి.

క్లచ్ హౌసింగ్ అడుగున ఉండే రంధ్రానికి దమ్ముకు ముందు ప్లగ్ బిగించి, పని ముగిశాక తీసివేయాలి. తీసినపుడు నీరు కారితే ప్లేటు తడిసిందని, ఆయిల్ కారితే సీలు పాడైందని అర్థం. నల్లని ఇంజను ఆయిల్ అయితే క్రాంక్ షాఫ్టు వెనుక సీలు, గేరు ఆయిల్ అయితే గేరు బాక్సు ముందు సీలు చూడాలి. సీలు మార్చకుండా ప్లేటు మారిస్తే కొత్త ప్లేటు కూడా ఆయిల్‌లో తడిసి జారుతుంది.

బరువు కింద, లేదా వాలులో దిగేటపుడు ఒకే గేరు తనంతట తాను ఊడిపోతూ ఉంటే అది క్లచ్ లోపం కాదు. ఆ గేరును పట్టి ఉంచే స్ప్రింగు, గోళీ, ఫోర్కు లేదా పళ్ల అరుగుదలను పరిశీలించాలి.

హైడ్రాలిక్ లిఫ్టు

చాలా ట్రాక్టర్లలో గేరు బాక్సు, డిఫరెన్షియల్, లిఫ్టు ఒకే ఆయిల్‌ను పంచుకుంటాయి. అందువల్ల లిఫ్టు ప్రవర్తన ట్రాన్స్‌మిషన్ ఆరోగ్యానికి సూచిక కూడా అవుతుంది. ఇక్కడ ఉష్ణోగ్రతే ప్రధాన ఆధారం.

ఉదయం నెమ్మదిగా లేచి, ఆయిల్ వేడెక్కాక మెరుగుపడితే పంపు పీల్చే మార్గంలోని జల్లెడ మూసుకుపోయి ఉండవచ్చు. చల్లని చిక్కని ఆయిల్ దాని గుండా సాగదు. ఇందుకు విరుద్ధంగా ఉదయం బాగుండి, రెండు గంటల పని తర్వాత బలహీనపడి, భోజన విరామం తర్వాత మళ్లీ కోలుకుంటే పలుచబడిన ఆయిల్ అరిగిన భాగాల గుండా కారిపోతున్నట్లు. ఆ భాగం పంపా, సిలిండరా అన్నది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ఆయిల్ వేడిగా ఉన్నపుడే పనిముట్టును పైకెత్తి ఇంజను ఆపాలి. పనిముట్టు దానంతట అది దిగిపోతే సిలిండరు రింగులో, కంట్రోల్ వాల్వులో కారుదల ఉంది. దిగకుండా నిలిచి, ఎత్తడంలో మాత్రమే జాప్యం ఉంటే పంపు, రిలీఫ్ వాల్వు వైపు చూడాలి. పరీక్ష సమయంలో ఎత్తిన పనిముట్టు కిందికి ఎవరూ వెళ్లరాదు.

లిఫ్టు కుదుపులతో లేస్తూ, వాలులో మరింత మొరాయిస్తూ, ఆయిల్‌లో నురుగు కనిపిస్తే ఆయిల్ మట్టం తగ్గిందని లేదా పంపు గాలి పీలుస్తోందని భావించాలి.

లోపం లేకుండానే లోపంలా కనిపించే స్థితి కూడా ఒకటుంది. 1930వ దశకంలో హ్యారీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలో ప్రవేశపెట్టిన డ్రాఫ్ట్ కంట్రోల్, నేల నిరోధాన్ని బట్టి నాగలిని తనంతట తాను ఎత్తి దించుతుంది. రోటవేటరుకు పొజిషన్ కంట్రోల్ వాడాలి. లివరు పొరపాటున డ్రాఫ్ట్ స్థానంలో ఉంటే పనిముట్టు పైకీ కిందికీ ఊగడం సహజం.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

ఏ భాగాన్ని విప్పే ముందైనా ఆయిల్‌ను చూడాలి. పాలవలె తెల్లబారితే నీరు కలిసింది. దమ్ములో యాక్సిల్ సీళ్లు, బ్రీథరు, లివర్ల తొడుగులు నీటికి దారి ఇస్తాయి. నీరు కలిసిన ఆయిల్ బేరింగులను, గేరు పళ్లను తుప్పు పట్టిస్తుంది, పంపును అరగదీస్తుంది. ఆయిల్ మార్చి నీరు చొరబడిన దారిని వదిలేస్తే తరువాతి దమ్ములో అదే స్థితి పునరావృతమవుతుంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి అంటిన సన్నని బూడిద రంగు ముద్ద సాధారణ అరుగుదల. లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం ట్రాక్టరును నడపకుండా ఆపివేయాలి.

విస్తరణ సిబ్బంది పాత్ర

లోపం వచ్చిన ప్రతిసారీ డ్రైవరు ఐదు అంశాలు రాసుకోవాలి: పని మొదలైన ఎంత సేపటికి, ఏ గేరులో, ఏ పనిముట్టుతో, పొడినేలా బురదా వాలా, తగ్గడానికి ఏం చేశారు. మూడు నాలుగు సార్లు రాసిన ఈ వివరాలు మెకానిక్‌కు అందితే ఊహతో భాగాలు మార్చే అవసరం చాలావరకు తప్పుతుంది. మరమ్మతు తర్వాత పరీక్ష కూడా అదే పరిస్థితిలో జరగాలి. వేడెక్కాక వచ్చిన లోపం పోయిందో లేదో చల్లని ఇంజనుపై తేలదు.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఈ రంగంలో శిక్షణ ఇస్తోంది. కృషి విజ్ఞాన కేంద్రాలు ఖరీఫ్ ముందస్తు శిక్షణలో విత్తన శుద్ధి, నారుమడి యాజమాన్యంతో పాటు ఆయిల్, పెడల్ ఖాళీ, క్లచ్ హౌసింగ్ ప్లగ్, జల్లెడ పరిశీలనను చేర్చడం అవసరం. ఈ నాలుగూ మే నెలలోనే సరిచూసుకొన్న రైతుకు, నారు సిద్ధమైన రోజున ట్రాక్టరు షెడ్డులో ఉండే అవకాశం తక్కువ.