పాత ఇనుముతో మర సమ్మెట

కమ్మరి కొలిమి దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. కొలిమిలోంచి ఇనుము బయటికి వచ్చిన క్షణం నుంచీ కమ్మరికి తొందరే. నిమ్మపండు రంగులో ఉన్న కడ్డీ మనం చూస్తూ ఉండగానే నారింజ రంగుకు దిగుతుంది, తరవాత ఎర్రబడుతుంది, ఆ పైన నల్లబడుతుంది. నల్లబడిన ఇనుము ఎంత కొట్టినా సాగదు, పైగా బీట వారవచ్చు. సన్నటి కడ్డీ అయితే ఈ రంగులన్నీ మారటానికి నిమిషం కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలో ఎన్ని దెబ్బలు పడితే అంత పని జరిగినట్టు. మళ్ళీ దెబ్బ వెయ్యాలంటే మళ్ళీ కొలిమిలో పెట్టాలి, మళ్ళీ బొగ్గు తగలెయ్యాలి.

అందుకనే పెద్ద పని వచ్చినప్పుడు దాగలి దగ్గర ఇద్దరుంటారు. కమ్మరి ఎడమ చేతిలో పటకారు, కుడి చేతిలో చిన్న సుత్తి. ఎదురుగా సమ్మెట వేసే మనిషి. కమ్మరి చిన్న సుత్తితో ఎక్కడ తడితే సమ్మెట అక్కడే పడాలి. ఆ చిన్న దెబ్బ ఇనుమును సాగదీయటానికి కాదు, చోటు చూపించటానికి. సుత్తిని దాగలి మీద పక్కకు వాల్చాడంటే ఆపమని అర్థం. ఒక్క మాట కూడా లేకుండా ఇద్దరూ అట్లా గంటలకొద్దీ పని చేస్తారు.

మరి సమ్మెట వేసే మనిషి లేకపోతే? ఇప్పుడు చాలా కొలిముల దగ్గర వచ్చిన చిక్కు ఇదే. పూర్వం తండ్రి సుత్తి పట్టుకుంటే కొడుకు సమ్మెట వేసేవాడు. కొడుకు చదువుకుని పట్నం పోయాడు. పోవటంలో తప్పూ లేదు. కాని గడ్డపార మొన సాగదీయాలన్నా, గొడ్డలి చెయ్యాలన్నా ఒంటి మనిషి వల్ల అయ్యే పని కాదు. సమ్మెట బరువు నాలుగైదు కిలోలుంటుంది. దాన్ని ఒంటి చేత్తో కొన్నేళ్ళపాటు ఎత్తి వేస్తే మోచెయ్యీ భుజమూ అరిగి ఊరుకుంటాయి. ఈ చిక్కు ఒక్క మన ఊళ్ళలోనే లేదు, దేశదేశాల్లోనూ ఉంది. దానికి కొందరు కమ్మరులు కనిపెట్టిన ఉపాయమే ఈ వ్యాసం: పాత ఇనుప సామానుల కొట్లో దొరికే వస్తువులతో, తన కొలిమి దగ్గరే, తన చేతులతోనే చేసుకునే మర సమ్మెట.

మరతో సమ్మెట వేయించాలనే ఆలోచన మాత్రం కొత్తది కాదు. కాలితో ఒక చివర తొక్కితే రెండో చివరన ఉన్న రోకలి లేచి రోట్లో పడే సాధనం మీలో కొందరి తాతమ్మలు చూసి ఉంటారు. చైనా వాళ్ళు సుమారు రెండు వేల సంవత్సరాల క్రితమే ఆ రోకలిని నీటి చక్రంతో తొక్కించారు. ధాన్యం దంచే ఆ పద్ధతినే తరవాతి కాలంలో ఇనుము కొట్టటానికి వాడారు. ఐరోపాలో వందల సంవత్సరాలపాటు ఏటి ఒడ్డున ఇటువంటి నీటి సమ్మెటలు మోగాయి.

వీటిలో ఒక పెద్ద లోపం ఉండేది. సమ్మెట లేచే ఎత్తు కొద్ది. దాని కింద సన్నటి కడ్డీ పెడితే సమ్మెట చాలా దూరం నుంచి పడి గట్టిగా కొడుతుంది. దుంగంత లావు ఇనుము పెడితే సమ్మెట పడటానికి చోటేదీ? అంటే, పెద్ద దెబ్బ కావలసిన చోటనే చిన్న దెబ్బ పడుతుందన్నమాట!

1839 లో ఇంగ్లండులో ఈ లోపం పెద్ద పనికే అడ్డు వచ్చింది. ‘గ్రేట్ బ్రిటన్’ అనే పెద్ద ఓడకు తెడ్ల చక్రాలు తిప్పే ఇరుసు కావాలి. అంత లావు ఇరుసును కొట్టగల సమ్మెట ఎవరి దగ్గరా లేదు. ఓడ ఇంజనీరు ఈ సంగతి జేమ్స్ నాస్మిత్ అనే యంత్రాల తయారీదారుకు రాశాడు. నాస్మిత్ 1839 నవంబరు 24 న తన పుస్తకంలో ఒక బొమ్మ గీశాడు: నిలువుగా పైన ఒక ఆవిరి గొట్టం, దానిలోని ముషలకానికి వేలాడుతూ ఒక పెద్ద ఇనుప దిమ్మె, దాని కింద దాగలి. ఆవిరి దిమ్మెను పైకెత్తుతుంది. ఆవిరి వదిలేస్తే దిమ్మె నిట్టనిలువునా పడుతుంది. చిత్రమేమంటే, ఆ ఓడకు చివరికి ఆ ఇరుసే అక్కరలేకపోయింది. తెడ్ల చక్రాలు మానేసి, నీటిలో మరలాగా తిరిగే ప్రొపెల్లరు పెట్టారు. నాస్మిత్ బొమ్మ పుస్తకంలోనే ఉండిపోయింది. కాని ఆ బొమ్మ చూసిన ఫ్రెంచివాళ్ళు తమ క్రూసో కర్మాగారంలో సమ్మెట కట్టేశారు! 1842 లో అక్కడికి వెళ్ళిన నాస్మిత్ తన సమ్మెట పనిచేస్తూ ఉండటం కళ్ళారా చూసి, ఇంటికి వచ్చి ఆ సంవత్సరమే పేటెంటు తీసుకున్నాడు.

ఆ ఆవిరి సమ్మెట బలం చూసి జనం ఆశ్చర్యపోలేదు, దాని నెమ్మది చూసి ఆశ్చర్యపోయారు. గాజు గ్లాసులో కోడిగుడ్డు పెట్టి, గ్లాసు పగలకుండా గుడ్డు పెంకు మాత్రం చిట్లేటట్టు కొట్టి చూపించేవారు. మర సమ్మెటకు అసలు పరీక్ష అదే: గట్టిగా కొట్టటం ఏ బండరాయికైనా చేతనవుతుంది, చెప్పినంత మాత్రమే కొట్టటం గొప్ప.

ఇక మన పాత ఇనుము దగ్గరికి వద్దాం. మోటార్లూ ట్రాక్టర్లూ వచ్చాక అమెరికాలో ఊరి కమ్మరులు దాదాపు మాయమయ్యారు. 1973 లో అక్కడ కమ్మరుల సంఘం ఒకటి వెలిసి, ఈ విద్య మళ్ళీ చిగిర్చింది. కాని కర్మాగారాల్లో చేసిన మర సమ్మెటలు కొత్తవి కొనాలంటే చాలా ఖరీదు, పాతవి దొరకవు. అప్పుడు కమ్మరులు పాడైన మోటారు బళ్ళ కేసి చూశారు. రకరకాల సమ్మెటలు పుట్టాయి. అన్నిటిలోకీ నాకు నచ్చినది మన ఏతం లాంటిది. ఎట్లా ఉంటుందో చెబుతాను.

ఏతంలో ఒక స్తంభం, దాని మీద అడ్డంగా ఊగే దూలం ఉంటాయి గదా. దూలం వెనక భాగం దిగితే ముందు భాగం లేస్తుంది. ఈ సమ్మెటలో స్తంభానికి ఒక ఇనుప గిర్డరు నిలబెడతారు. దూలానికి బదులు లారీ కమాను కట్ట పెడతారు. లారీలో ఈ కమాను పని ఏమిటి? నడుమ ఇరుసు బిగించి ఉంటుంది, రెండు చివరలూ లారీ చట్రానికి తగిలించి ఉంటాయి. గతుకు వచ్చినప్పుడల్లా వంగి మళ్ళీ లేస్తుంది. ఇక్కడ కూడా అదే కొలువు. నడుమ భాగం స్తంభం మీద ఊగుతుంది. ముందు చివరన ఉన్న కంటికి పాతిక కిలోల ఉక్కు దిమ్మె వేలాడుతుంది, అదే సమ్మెట. వెనక చివరకు తగిలించిన కడ్డీని కింద ఉన్న చక్రం కిందికీ పైకీ లాగుతుంది. సమ్మెట పక్కలకు ఊగకుండా నున్నటి ఇనుప గాడిలో జారుతుంది. గాడికి గ్రీజు పూస్తూ ఉండాలి.

మామూలు ఇనుప దూలం పెట్టకూడదా అని మీరడగవచ్చు. పెట్టకూడదు. చక్రం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. సమ్మెట కింద లావు ఇనుము పెట్టారనుకోండి. సమ్మెట మధ్యలోనే ఆగిపోతుంది, చక్రం మాత్రం ఇంకా లాగుతుంది. దూలం బిర్రుగా ఉంటే ఏదో ఒకటి విరగాలి. కమాను అయితే వంగి ఊరుకుంటుంది. అంతే కాదు, కమాను ఇంకో మేలు కూడా చేస్తుంది. అదేమిటో ఇంట్లోనే చూడవచ్చు. నాలుగు రబ్బరు పట్టీలు ఒకదానికొకటి ముడివేసి, చివర చిన్న తాళంకప్ప కట్టి వేలాడదీయండి. చెయ్యి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే తాళం కూడా చేతితో పాటే ఆడుతుంది. కొంచెం వేగం పెంచండి. ఒక వేగం దగ్గర చెయ్యి బెత్తెడు ఆడితే తాళం జానెడు ఎగిరి పడుతుంది! చక్రం సమ్మెటను 16 సెంటీమీటర్లు ఎత్తేటట్టు అమర్చినా, సరైన వేగంలో కమాను దాన్ని అంతకన్నా ఎత్తుకు విసిరి, కొరడాతో కొట్టినట్టు కిందికి కొడుతుంది.

చక్రం సంగతి ఇంకా చమత్కారం. పాత కారు చక్రాన్ని టైరుతో సహా, దాని హబ్బుతో సహా తెచ్చి బిగిస్తారు. హబ్బులో బేరింగులు ఉండనే ఉన్నాయి. కారు బరువంతా మోసినవి ఈ పని మోయలేవా? చక్రం మీద, మధ్య నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో ఒక గట్టి మేకు బిగించి, కమాను కడ్డీని దానికి తగిలిస్తారు. టైరు పక్కనే కరెంటు మోటారు ఉంటుంది. మోటారు ఇరుసుకు ఒక చిన్న ఇనుప రోలరు. మోటారు మడత బందు మీద కూర్చుని ఉంటుంది కనక, కాలితో మీట తొక్కితే రోలరు వెళ్ళి టైరుకు ఒరుసుకుంటుంది, టైరు తిరుగుతుంది. కాలు తీస్తే రోలరు వెనక్కి వస్తుంది, చిన్న బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. రోలరు వ్యాసం 10 సెంటీమీటర్లు, టైరు వ్యాసం 60. రోలరు ఆరు చుట్లు తిరిగితే టైరు ఒక్క చుట్టు. అంటే నిమిషానికి 240 చుట్లు, 240 దెబ్బలు, సెకనుకు నాలుగు! ఎంత దిట్టమైన మనిషి అయినా సమ్మెట ఇంత వేగంగా వెయ్యలేడు. అయితే మీట పూర్తిగా తొక్కినప్పుడే ఈ వేగం. సగం తొక్కితే రోలరు టైరు మీద కొంత జారుతుంది, చక్రం మెల్లిగా తిరుగుతుంది, దెబ్బ కూడా మెత్తగా పడుతుంది. రోడ్డును పట్టుకోవటానికి చేసిన రబ్బరు ఇక్కడ కమ్మరి కాలు చెప్పినట్టు వింటుంది. నాస్మిత్ ఆవిరితో సాధించిన నెమ్మది ఈ పాత టైరు కొంతవరకు సాధిస్తుందన్నమాట.

అన్నీ పాతవి తెచ్చి సరిపెట్టవచ్చు గాని, దాగలి విషయంలో లోభించిన వాడు చెడతాడు. మెత్తటి బంకమట్టి ముద్ద ఒక పలచటి చెక్క మీద పెట్టి, చెక్కను ఒడిలో పెట్టుకుని గుద్ది చూడండి. తరవాత ముద్దను సన్నికల్లు మీద పెట్టి అంతే బలంతో గుద్దండి. రెండోసారి ముద్ద ఎక్కువ అణుగుతుంది. మొదటిసారి మీ గుద్దులో కొంత చెక్కను కదిలించటానికే ఖర్చయింది. లెక్క ప్రకారం, దాగలి బరువు సమ్మెట బరువుతో సమానమైతే దెబ్బలో సగం శక్తి దండగ. దాగలి పది రెట్లుంటే పదకొండో వంతు మాత్రమే దండగ. మన పాతిక కిలోల సమ్మెటకు 250 కిలోల దాగలి కావాలి. 30 సెంటీమీటర్ల వ్యాసం, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గట్టి ఉక్కు దిమ్మె సరిగా అంత తూగుతుంది. ఘన సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు; లెక్క కట్టి చూసుకోండి. బోలు గొట్టంలో సిమెంటు కాంక్రీటు పోసి దాగలి అనిపించుకునేవాళ్ళున్నారు. కాంక్రీటు బరువు ఉక్కులో మూడో వంతైనా లేదు. రైలు పట్టాల ముక్కలు చవకగా ఇస్తామని ఎవరైనా వస్తే అసలే వద్దు. దొంగిలించిన రైల్వే సామాను దగ్గర ఉంచుకోవటం 1966 నాటి చట్టం ప్రకారం నేరం.

కమాను విషయంలో కూడా జాగ్రత్త ఉంది. దానికి వెల్డింగు చెయ్యకూడదు, కాల్చకూడదు. వేడి తగిలితే దాని పదును పోయి, ఆ చోటనే పగులు పుడుతుంది. పట్టీలతో బిగించుకోవాలి. ఎంత బిగించినా పాత కమాను ఎప్పుడో ఒకనాడు విరగవచ్చు. విరిగిన ముక్క కత్తిలా వచ్చి తగులుతుంది. కనక కమాను చుట్టూ గట్టి ఇనుప పంజరం ఉండి తీరాలి. టైరు, రోలరు కలిసే చోట చెయ్యి దూరకుండా రేకు కప్పాలి. కళ్ళకు అద్దాలు, చెవులకు మూతలు తప్పవు. పిల్లలు ఈ యంత్రానికి బొమ్మ గీయవచ్చు, లెక్కలు కట్టవచ్చు, చెక్కతో చిన్న నమూనా చేసి చేత్తో తిప్పి ఆడించవచ్చు. అసలుది కట్టటం మాత్రం వెల్డింగూ కరెంటు పనీ బాగా తెలిసిన పెద్దవాళ్ళ పని. అది ఆడుతున్నప్పుడు దాని దాపులకు కూడా పోవద్దు.

అన్నీ బిగించాక తెలిసిన కమ్మరి వెంటనే కరెంటు పెట్టడు. టైరును చేత్తో పట్టుకుని ఒక పూర్తి చుట్టు మెల్లిగా తిప్పి, ఎక్కడైనా తగులుతున్నదేమో చూస్తాడు. తరవాత సమ్మెటకూ దాగలికీ మధ్య మెత్తటి కొయ్య ముక్క పెట్టి, మీట మీద కాలు ఎంత ఆనిస్తే ఎంత లోతు గంటు పడుతుందో చూసుకుంటూ ఒక పూట సాధన చేస్తాడు. మధ్యలో ఏమీ లేకుండా ఉక్కు మీద ఉక్కు కొట్టనివ్వడు. రెండు ముఖాలూ చెడతాయి. ఆ తరవాతనే కొలిమిలోంచి గడ్డపార తీస్తాడు. పారను తిప్పుతూ, ముందుకు తోస్తూ, కాలితో దెబ్బ పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, ఎదురుగా ఒక మనిషి నిలబడి సమ్మెట వేస్తున్నట్టే మొన సాగుతూ పోతుంది.

మొదటి గంట గడిచాక మళ్ళీ అన్ని బోల్టులూ బిగించాలి. అన్నీ కొంచెం వదులవుతాయి. దాగలి కింద పునాది కూడా ఇంటి గోడలకు తగలకుండా విడిగా వేసుకోవటం మంచిది. లేకపోతే సెకనుకు నాలుగుసార్లు పక్కింటి అలమరలో గిన్నెలు మోగుతాయి.