కంటి తెర ఊడితే ముదిరేదాకా ఆగకూడదు

చూపు మందగిస్తే మన పల్లెల్లో మొదట వినిపించే మాట 'పొర వచ్చింది, ముదిరాక కోయించుకుందాం' అని. శుక్లాల విషయంలో ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవారు. ఇప్పుడు శుక్లానికి కూడా ముదిరేదాకా ఆగనక్కర్లేదు. అయితే శుక్లం ఆపరేషన్ కొన్ని నెలలు ఆలస్యమైనా చూపు సాధారణంగా తిరిగొస్తుంది. కంటి లోపలి తెర ఊడినప్పుడు మాత్రం ఆ లెక్క పనికిరాదు. కొద్ది రోజుల ఆలస్యమే చూపును శాశ్వతంగా తగ్గించవచ్చు. శుక్లంలాగే దీనికీ నొప్పి ఉండదు. అందుకే చాలామంది దీన్నీ పొరే అనుకుని మోసపోతారు.

ఏమిటీ తెర?

సినిమా హాల్లో బొమ్మ పడడానికి తెర ఎలాగో, కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలుచటి పొర అలాగ. దీన్నే రెటీనా అంటారు. తెర జారిపోతే యంత్రం ఎంత మంచిదైనా బొమ్మ సరిగా పడదు. అద్దాలు మార్చినా, చుక్కల మందు వేసినా ఊడిన తెర అతుక్కోదు.

కంటి లోపల కోడిగుడ్డు తెల్లసొన లాంటి జిగురు నిండి ఉంటుంది. వయసు మీద పడ్డాక ఇది పలచబడి వెనక నుంచి విడివడుతుంది. అలా విడివడేటప్పుడు కొందరిలో తెరను లాగి చిరుగు పెడుతుంది. ఆ చిరుగులోంచి నీరు దూరితే, తడిసిన గోడ మీద సున్నం పెచ్చులా తెర లేచిపోతుంది. తెరకు పోషణ అందించేది వెనక గోడే. దాన్నుంచి విడిపోయిన భాగం రోజురోజుకూ దెబ్బతింటుంది. తెర మధ్యభాగం ఊడకముందే ఆపరేషన్ జరిగితే చూపు చాలావరకు దక్కుతుంది.

ఎవరు జాగ్రత్తపడాలి?

యాభై దాటినవారు, చిన్నప్పటి నుంచి సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవారు, శుక్లం ఆపరేషన్ అయినవారు, కంటికి గట్టి దెబ్బ తగిలినవారు ముఖ్యంగా గమనించుకోవాలి. ఎద్దు కొమ్ము తగిలినా, కర్రాబిళ్ల ఎగిరి తగిలినా కన్ను పైకి బాగానే కనిపించవచ్చు. లోపల చిరుగు పడి ఉండవచ్చు. షుగరు ఉన్నవారిలో తెర మీద పీచులాంటి పొరలు పెరిగి దాన్ని లాగేస్తాయి. వారు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి లోపల పరీక్ష చేయించుకోవాలి.

మూడు గుర్తులు

కంటి ముందు ఉన్నట్టుండి మసిచుక్కలు, ఈగలు ముసిరినట్లు కనిపించడం. చీకట్లో కూడా కంటి పక్కన మెరుపులు మెరవడం. ఒక పక్కనుంచి నల్లని పరదా దించినట్లు చూపు కప్పుకుపోవడం. వీటిలో ఏది కొత్తగా కనిపించినా ఆ రోజే, మహా అయితే మర్నాడే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పసర్లు పోసుకుంటూ కాలం గడపకూడదు.

ఆపరేషన్ ఎలా?

సుమారు వందేళ్ల క్రితం వరకు దీనికి సరైన చికిత్స లేదు. స్విట్జర్లాండ్ డాక్టరు జూల్స్ గోనిన్ చిరుగును వెతికి మూస్తే తెర అతుక్కుంటుందని చేసి చూపించారు. 1970 దశకం మొదట్లో అమెరికాలో డాక్టరు మాకెమర్ కంటిలోకి సన్నని పరికరం పంపి జిగురును తీసే పద్ధతి కనిపెట్టారు.

చిరుగు ఒక్కటే ఉండి తెర ఊడకపోతే లేజరుతో సరిపోతుంది. అదే రోజు ఇంటికి రావచ్చు. తెర ఊడితే కంటిగుడ్డుకు బయట సిలికాన్ పట్టీ కుడతారు. లేదా లోపలి జిగురు తీసి, చిరుగు మూసి, గ్యాస్ గానీ సిలికాన్ నూనె గానీ నింపుతారు. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఒక్క ఆపరేషన్‌తోనే తెర అతుక్కుంటుంది.

తర్వాతే అసలు పని

గ్యాస్ బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. అది చిరుగును నొక్కి పట్టాలంటే డాక్టరు చెప్పిన భంగిమలోనే ఉండాలి. చాలామందిని కొన్ని రోజులు బోర్లా పడుకోమంటారు. మెడ నొప్పి పుట్టినా ఇది తప్పదు.

గ్యాస్ కరగడానికి రకాన్ని బట్టి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు విమానం ఎక్కకూడదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. తిరుమల కొండ సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. మొక్కు ఉన్నవారు డాక్టరు సరేనన్నాకే కొండెక్కాలి. ఈలోగా మరో ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వస్తే కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి. కొన్ని మత్తువాయువులు ఆ బుడగను పెంచి చూపు పోగొట్టగలవు.

నూనె నింపితే అది దానంతట అది పోదు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ ఆపరేషన్ చేసి తీయాలి. కన్ను బాగుంది కదా అని, చార్జీలకు డబ్బులు లేవని కొందరు వెళ్లడం మానేస్తారు. నూనె ఎక్కువకాలం ఉండిపోతే నీటికాసులు రావచ్చు, నల్లగుడ్డు మీది పారదర్శక పొర మసకబారవచ్చు. ఈ రెండో ప్రయాణం ఖర్చు మొదటే లెక్కలో వేసుకోవాలి.

యాభై దాటినవారిలో చాలామందికి జిగురు తీసిన కంట్లో రెండేళ్లలోపు శుక్లం వస్తుంది. అది ఆపరేషన్ పాడవడం వల్ల వచ్చినది కాదు. దాన్ని విడిగా తీయవచ్చు. వందమందిలో సుమారు ఐదు నుంచి పది మందికి తెర మీద మచ్చలు ఏర్పడి మళ్లీ ఊడుతుంది. ఇది ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే జరుగుతుంది. చీము పట్టడం అరుదు. కానీ నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే తెల్లారేదాకా ఆగకూడదు.

ఎక్కడికి వెళ్లాలి?

ఈ ఆపరేషన్ అందరు కంటి డాక్టర్లూ చేయరు. హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉన్నాయి. రెండో సంస్థకు విశాఖపట్నం, విజయవాడలోనూ ఆస్పత్రులున్నాయి. దగ్గర్లోని కంటి డాక్టరు చేత చీటీ రాయించుకుని, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే వెంట తీసుకెళ్లాలి.

ఒక కన్ను చెడినా రెండో కన్ను ఆ లోటు తెలియనివ్వదు. అందుకని వారానికోసారి ఒక కన్ను మూసి రెండో కంటితో క్యాలెండరు అంకెలు చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల చేతా చూపించండి. ఏ కంటికి నీడ కనిపించినా మర్నాటి మొదటి బస్సు ఎక్కండి.