బాన్సువాడ ప్రాంత పండుగలు – పరిశోధన పరిధి
బాన్సువాడ ప్రాంతం 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి విడివడి కామారెడ్డి జిల్లాలో చేరింది. అయితే ఇక్కడి పండుగలు ఈ విభజనను పాటించవు. 1923–1931 మధ్య మంజీరా నదిపై నిర్మించిన నిజాంసాగర్ జలాశయం బాన్సువాడ, బోధన్ పొలాలను ఒకే ప్రధాన కాలువ కిందికి తెచ్చింది. ఆషాఢంలో పంటలను, పాడిని కాపాడమని గ్రామదేవతలను కొలిచే ఊరపండుగ, భాద్రపద అమావాస్య నుండి తొమ్మిది రోజులు ఆడి చెరువులో సాగనంపే బతుకమ్మ – రెండూ ఈ నేలకు, నీటికి ముడిపడినవే. రెండు జిల్లాలకూ ఉమ్మడివే. జిల్లానే పరిధిగా స్వీకరించే జానపద పరిశోధన ఈ ఉమ్మడి సంప్రదాయాన్ని రెండుగా చీలుస్తుంది. కనుక ఈ ప్రాంత క్షేత్రపర్యటనకు కాలువ వెంబడి గ్రామాలను పరిధిగా గ్రహించడం సముచితం.