ఉస్తాద్ లేని శిల్పి: పారేసిన సామానుతో రాజ్యం కట్టిన నేక్‌చంద్

మన ఇళ్లల్లో ఏ పని నేర్చుకోవాలన్నా ముందు ఒక ఉస్తాద్‌ను వెతుకుతాం. మెకానిక్ షెడ్డు అయినా, దర్జీ దుకాణం అయినా, కొన్నేళ్లు చేతికింద ఉంటేనే పని వస్తుందని పెద్దల మాట. నేక్‌చంద్ సైనీకి శిల్పంలో అలాంటి ఉస్తాద్ ఎవరూ లేరు. ఆర్ట్ కాలేజీ గడప కూడా తొక్కలేదు. అయినా చండీగఢ్‌లో ఆయన మొదలుపెట్టిన రాక్ గార్డెన్ ఈరోజు దాదాపు 40 ఎకరాల్లో ఉంది. దేశం నలుమూలల నుంచి జనం వచ్చి చూస్తున్నారు.

ఆయన పుట్టింది 1924లో, షకర్‌గఢ్ ప్రాంతంలోని బరియాన్ కలాన్ అనే పల్లెలో. అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు ఆ కుటుంబం ఊరు వదిలి ఇటు వచ్చేసింది. ఆ ఏడాది సరిహద్దుకు అటూ ఇటూ ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత ఆయనకు చండీగఢ్‌లో ప్రజా పనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం దొరికింది.

అప్పుడు చండీగఢ్ ఇంకా కడుతున్న ఊరు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే గీసిన ప్లాను ప్రకారం సెక్టార్లు లేస్తున్నాయి. వాటి కోసం అక్కడున్న పాత పల్లెలను కూల్చేశారు. కూల్చిన ఇళ్ల నుంచి విరిగిన కుండలు, గాజు ముక్కలు, పగిలిన పింగాణీ, పాత సైకిళ్లు, తుక్కు ఇనుము గుట్టలుగా పడి ఉండేవి. 1957-58 ప్రాంతం నుంచి నేక్‌చంద్ డ్యూటీ అయ్యాక సైకిల్ మీద తిరిగి ఇవన్నీ ఏరుకోవడం మొదలుపెట్టారు. వాగుల్లోంచి, శివాలిక్ కొండల కింద నుంచి వింత ఆకారాల రాళ్లు కూడా తెచ్చారు. సుఖ్నా సరస్సు దగ్గర అడవిలో ఒక గుడిసె వేసుకుని అన్నీ అక్కడ దాచారు. మన గల్లీల్లో కబాడీ పని చేసేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది: ఒకరికి చెత్త అయినది ఇంకొకరి కంటికి సామాను.

అసలు విషయం ఏమిటంటే, ఆయన వెంటనే బొమ్మలు చేయలేదు. ఏళ్ల తరబడి ఏరడం, వేరు చేయడం, పేర్చడం, చూస్తూ కూర్చోవడం. ఫలానా బొమ్మ చేయాలి, దానికి ఫలానా సామాను కావాలి అని ఆయన లెక్క వేసుకోలేదు. లెక్క తలకిందులు. ముందు చేతిలో వస్తువు, తర్వాత అందులో ఆకారం. ఒక రాయి కూర్చున్న ముసలాయనలా కనిపిస్తే అది ముసలాయనే. సైకిల్ సీటు జంతువు తల అవుతుంది, ఫోర్కు దాని కాళ్లవుతుంది. పగిలిన గాజులు ఆడవాళ్ల బొమ్మలకు రంగురంగుల బట్టలవుతాయి. మన లాడ్ బజార్‌లో గాజులు చూసి పెరిగినవాళ్లు ఆ బొమ్మల ముందు కాసేపు ఆగకుండా ఉండలేరు.

దీన్ని ‘మనసుకు తోచింది చేశాడు’ అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు సరైనదిగా అనిపించదు. సిమెంటు, కాంక్రీటు ఆయన రోజూ ఉద్యోగంలో చూసే పని. లోపల ఇనుప కడ్డీలు, పైపులు, సైకిల్ ఫ్రేముతో అస్థిపంజరం కట్టి, దానికి సిమెంటు పట్టించి, అది ఆరకముందే పైన పింగాణీ, గాజు ముక్కలు గుచ్చేవారు. అంటే ఉస్తాద్ లేకపోయినా పని నేర్పింది ఉంది: రోడ్డు పని, ఇంకా సబర్.

భయం కూడా ఉంది. అది ప్రభుత్వ అడవి భూమి, కట్టడాలు నిషేధం. పట్టుబడితే కట్టినదంతా పోతుంది, ఉద్యోగానికీ ముప్పే. అందుకే చీకటి పడ్డాక, పాత టైర్లు కాల్చి ఆ వెలుగులో పని చేసేవారు. 1970ల్లో అధికారులు కనిపెట్టేసరికి అక్కడ ఎకరాల కొద్దీ బొమ్మలు ఉన్నాయి. చట్టం ప్రకారం కూల్చాలి. కానీ చూసిన పెద్ద అధికారుల్లో కొందరు ఆయన వైపు నిలబడ్డారు. 1976లో దాన్ని జనానికి తెరిచారు, ఆయనకు జీతం, 50 మంది కూలీలను ఇచ్చారు. 1984లో పద్మశ్రీ వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1990 ప్రాంతంలో తోటలో కొంత భాగాన్ని కూల్చడానికి బుల్డోజర్లు వస్తే, ఊరి జనం చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. 1996లో ఆయన అమెరికా వెళ్లినప్పుడు సిబ్బందిని తగ్గించేశారు, ఎవరో బొమ్మలు పగలగొట్టారు. మరుసటి ఏడాది ఆయన పేరుతో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. విదేశాల నుంచి వలంటీర్లు వచ్చి ఆ తోటలో పని చేశారు.

బొమ్మల విషయంలో మన దగ్గర ఉన్న అభ్యంతరం తెలిసిందే. ఆ మసలా ఉలమాలను అడగాల్సిందే, రిపోర్టర్ తేల్చేది కాదు. ఇక్కడ చెప్పేది ఒక మనిషి హునర్ గురించి. ఆ తోటలో బొమ్మలు కాకుండా చూడాల్సినవీ చాలా ఉన్నాయి: పగిలిన పింగాణీతో గోడలు, పాత కరెంటు ఫిట్టింగులతో గోడలు, జలపాతాలు, పెద్ద కమానుల కింద ఊయలలు. పిల్లలు ఊయలల దగ్గర నుంచి కదలరు.

ఆయన గుడ్డ పీలికలతో కూడా మనుషులను, జంతువులను చేశారు. 2015 జూన్‌లో, 90 ఏళ్ల వయసులో, చండీగఢ్‌లోనే కన్నుమూశారు. ఢిల్లీ మీదుగా అటు వెళ్లేవాళ్లు సెక్టార్ 1లో హైకోర్టుకూ సుఖ్నా సరస్సుకూ మధ్య ఈ తోట చూడొచ్చు. గుమ్మాలు చాలా చోట్ల కావాలనే చిన్నగా పెట్టారు, తల వంచి వెళ్లాలి. పొడుగు మనుషులు జాగ్రత్త.