ప్రత్యామ్నాయ డొమైన్ నేమ్ వ్యవస్థ

ప్రత్యామ్నాయ డొమైన్ నేమ్ వ్యవస్థ అనగా ఐకాన్ సంస్థ పర్యవేక్షణలోని బహిరంగ మూల నామావళికి తోడుగా గానీ, బదులుగా గానీ కొందరు తమ స్వంత మూల సర్వర్లతో నడుపుకొనే పేర్ల వ్యవస్థ.

పనిచేసే విధానం

అంతర్జాలంలోని కంప్యూటర్లు ఐపీ చిరునామాలనే అంకెల ద్వారా ఒకదానినొకటి గుర్తిస్తాయి. మనుషులు వాడే పేర్లను ఈ అంకెలతో ముడిపెట్టేందుకు 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైన్ నేమ్ వ్యవస్థను రూపొందించాడు. పేరును వెతికిపెట్టే సర్వరును రిజాల్వరు అంటారు. మొదట ఏ మూల సర్వరును అడగాలో తెలిపే చిన్న జాబితా రిజాల్వరులో ఉంటుంది. బహిరంగ వ్యవస్థలో ఇందులో 13 పేర్లుంటాయి. వీటి స్థానంలో తమ సర్వర్ల చిరునామాలు వ్రాసుకొన్నవారు ప్రత్యామ్నాయ మూలంలోనికి ప్రవేశించినట్లే. ఇందుకు బైండ్ వంటి ఉచిత సాఫ్టువేరు చాలును. ఇటువంటి వ్యవస్థలు సాధారణంగా బహిరంగ నామావళిని యథాతథంగా ఉంచుకొని, తమ పేర్లను దానికి చేరుస్తాయి.

చరిత్ర

1990వ దశకంలో యూజీన్ కాష్‌పురెఫ్ ఆల్టర్‌నిక్‌ను నడిపాడు. 1997 జూలైలో ఇతడు ఇంటర్‌నిక్ సైటుకు వెళ్ళవలసిన వారిని తన సైటుకు మళ్ళించాడు. 1998లో నేరాన్ని అంగీకరించాడు. 2000లో మొదలైన ఓపెన్‌నిక్‌లో స్వచ్ఛంద సభ్యులు ఓటు ద్వారా నిర్ణయాలు తీసుకొంటారు. హానికర సాఫ్టువేరు వ్యాప్తికి వాడుకొంటున్నారన్న కారణంతో 2019లో సభ్యులు ".బిట్" పేర్లకు మద్దతు విరమించారు.

సమస్యలు

ఒకే పేరును రెండు మూలాలు వేర్వేరు సైటులకు కేటాయిస్తే, ఆ పేరు టెక్కలిలో ఒకరిని ఒక చోటికి, పలాసలో మరొకరిని వేరొక చోటికి చేర్చవచ్చును. ప్రత్యామ్నాయ మూలాలలో అప్పటికే వాడుకలో ఉన్న ".బిజ్"ను 2001లో బహిరంగ మూలంలో చేర్చటంతో ఇటువంటి ఘర్షణే ఏర్పడింది. పేర్లకు ఒకే మూలం అవసరమని అంతర్జాల ఆర్కిటెక్చర్ బోర్డు 2000లోనే ప్రకటించింది. పైగా, ప్రత్యామ్నాయ పేర్లకు బహిరంగ ధ్రువీకరణ సంస్థలు భద్రతా పత్రాలు ఇవ్వవు. ఇల్లు, కార్యాలయాల లోపలి అవసరాల కోసం 2024లో ఐకాన్ ".ఇంటర్నల్"ను ప్రత్యేకించింది, ఇది బహిరంగ మూలంలో చేరదు గనుక ఘర్షణ రాదు.

తెలుగు పేర్లు

లాటినేతర లిపులలోని దేశ సంకేతాలు బహిరంగ మూలంలో చేరటం 2010లో మొదలైంది. తెలుగు లిపిలోని ".భారత్"ను 2011లో ఐకాన్ ఆమోదించింది. దీనిని నిక్సీ నిర్వహిస్తుంది. బహిరంగ మూలంలో ఉన్నందున, దీని కింద నమోదైన పేరు కోసం సంతబొమ్మాళిలోని పాఠకుడు గానీ, విదేశంలోని తెలుగువాడు గానీ తన కంప్యూటరులో ఏ అమరికనూ మార్చనక్కరలేదు. ప్రత్యామ్నాయ మూలంలోని తెలుగు పేరు అమరిక మార్చుకొన్నవారికి మాత్రమే అందుతుంది.