చిన్న ఇంజన్లలో సింథటిక్ నూనె: ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం

పత్తి, మిరప చేలలో అంతరకృషికి ఎద్దుల జత దొరకడం కష్టమైన నాటి నుండి పవర్ వీడరు, బ్రష్ కట్టరు, పెట్రోలు స్ప్రేయరు చిన్న రైతుల ఇళ్లకు కూడా చేరాయి. కొనేటప్పుడు అశ్వశక్తిని గురించి, రాయితీని గురించి అడిగే రైతు అందులో పోయవలసిన నూనె విషయాన్ని మాత్రం దుకాణదారు మాటకే వదలివేస్తాడు. కలుపు ముమ్మరంగా ఉన్న వారంలో పిస్టన్ పట్టేసి ఇంజను బోరుకు వస్తే మరమ్మతు ఖర్చు కన్నా తప్పిపోయిన అదును వల్ల కలిగే నష్టమే పెద్దది. సింథటిక్ నూనె ధర మామూలు నూనె కంటే బాగా ఎక్కువ. ఆ అదనపు ఖర్చు ఇటువంటి నష్టాన్ని ఆపుతుందా అన్నది విస్తరణ సిబ్బంది సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

అంతకు ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇంజను టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? టూ స్ట్రోక్ బ్రష్ కట్టరులో నూనె నిలువ ఉండే అర ఉండదు. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనుకు కందెన. తయారీదారు 50:1 అని సూచిస్తే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40 మిల్లీలీటర్లు కలపాలి. ఉత్త పెట్రోలు పోసి నడిపితే పిస్టన్ కొద్దిసేపటికే పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్ నూనెను పెట్రోలులో కలిపితే అందులోని లోహ సంకలితాలు బూడిదగా మారి ప్లగ్గుపైన, పొగ గొట్టంలోను పేరుకుంటాయి. డబ్బాపై జాసో ఎఫ్‌సి లేదా ఎఫ్‌డి అన్న గుర్తు చూసుకోవాలి. తీర ప్రాంతంలో పడవల ఇంజన్లకు వాడే టి.సి.-డబ్ల్యు3 నూనె నీటితో చల్లబడే ఇంజన్ల కోసం చేసినది. గాలితో చల్లబడే బ్రష్ కట్టరు వేడికి అది తగదు.

ఇక పవర్ వీడరులో ఉండే ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజను సంగతి. 160 సి.సి. తరగతి ఇంజనులో పట్టేది సుమారు 600 మిల్లీలీటర్ల నూనె మాత్రమే. కారులో మూడు నాలుగు లీటర్ల నూనె, దానికొక పంపు, ఒక వడపోత ఉంటాయి. ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆ రెండూ లేవు. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న చెంచా వంటి భాగం నూనెను చిలకరించడమే ఏర్పాటు. అరిగిన లోహపు రజను, లోపలికి చేరిన దుమ్ము ఆ కాస్త నూనెలోనే తిరుగుతూ ఉంటాయి. అందుకే కొత్త ఇంజనుకు మొదటి 20 గంటలకు, ఆ తరువాత సాధారణంగా 100 గంటలకు లేదా ఆరు నెలలకు నూనె మార్చాలని తయారీదారులు సూచిస్తారు. దుక్కి దుమ్ములో ఈ గడువు ఇంకా తగ్గాలి.

సింథటిక్ అన్న మాట నిజానికి ఒకే పదార్థాన్ని సూచించదు. పాలీ ఆల్ఫా ఓలిఫిన్లు (నాల్గవ వర్గం), ఎస్టర్లు (ఐదవ వర్గం) రసాయనికంగా సంశ్లేషించినవి. మూడవ వర్గపు నూనె ముడి చమురు నుండే తీవ్ర హైడ్రోజనీకరణతో వస్తుంది. దానిని కూడా సింథటిక్ పేరుతో అమ్మవచ్చునన్న వాడుక 1999లో అమెరికాలో వెలువడిన ఒక ప్రకటనల వివాద తీర్పుతో స్థిరపడింది. కాబట్టి డబ్బాపై ఆ పేరును బట్టి లోపల ఏమున్నదో చెప్పలేము.

అయినా గుణం ఉన్నది. వేడికి స్నిగ్ధత తగ్గడం, ఆక్సీకరణ చెంది చిక్కబడడం ఈ నూనెలలో తక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది తెలిసిన లెక్కే. 10డబ్ల్యు-30లో మొదటి అంకె చలిలో స్టార్టు కావడానికి సంబంధించినది. రెంటచింతల ఎండలో దానితో పెద్దగా పని లేదు. మన రైతు చూడవలసినది 100 డిగ్రీల వద్ద స్నిగ్ధతను తెలిపే రెండవ అంకెను. 27 డిగ్రీలు దాటిన వాతావరణంలో 10డబ్ల్యు-30 వాడితే నూనె ఖర్చు పెరగవచ్చునని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ తన చిన్న ఇంజన్ల పుస్తకాలలో హెచ్చరిస్తుంది, వేడికి ఎస్.ఎ.ఇ. 30ని, అన్ని ఉష్ణోగ్రతలకు సింథటిక్ 5డబ్ల్యు-30ని సూచిస్తుంది. వేసవిలో రోజంతా అద్దెకు తిరిగే వీడరుకు సింథటిక్ ఖర్చు సమర్థనీయమే. ఏడాదికి పది పదిహేను రోజులు నడిచే సొంత యంత్రానికి సరైన గ్రేడు మామూలు నూనె గడువుకు మార్చితే చాలు. నూనె తాగుతున్న పాత ఇంజనులో ఖరీదైన నూనె పోయడం దానిని పొగగా వదలడమే.

ఖరీదు పెట్టాము కదా అని సింథటిక్ నూనెను 200 గంటలు ఉంచడం అన్నిటికన్నా చేటు. నూనె చెడకపోయినా అందులో చేరిన మట్టి ఎక్కడికీ పోదు. దమ్ము చేసిన మడిలో నడిపిన తరువాత డిప్ స్టిక్‌పై నూనె పాలవలె తెల్లబడి కనిపిస్తే నీరు చేరినట్లే. అది ఏ రకమైనా గంటలు లెక్కించకుండా వెంటనే తీసివేయాలి. డీజిలు పవర్ టిల్లరుకు మాత్రం సి.ఎఫ్.-4, సి.ఐ.-4 వంటి సి అక్షరపు శ్రేణి నూనెలే పోయాలి. డీజిలు మసిని పట్టి ఉంచే శక్తి వాటికే ఉంటుంది. ఏ ఇంజనులోనైనా వేడిగా ఉన్నప్పుడే నూనె దింపితే మడ్డి అడుగున మిగలకుండా దానితో పాటు బయటకు వస్తుంది. దింపిన నూనెను కాలువ గట్టున పారబోయక మూత ఉన్న డబ్బాలో ఉంచి, వాడిన నూనె సేకరించే వారికి అప్పగించాలి.