అంకెలు పంచే గుమాస్తా

ఉదయాన్నే మియాపూరులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, హైటెక్ సిటీలో దిగే ఉద్యోగుల సంగతి చూడండి. ఇంట్లో ఉన్నంతసేపూ వారి ల్యాప్‌టాపుకు ఒక చిరునామా. ఆఫీసులో తెరవగానే మరొకటి. ఆ మార్పు ఎవరు చేస్తున్నారు? మనిషెవరూ కాదు. డి.హెచ్.సి.పి. అనే గుమాస్తా!

నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ 192.168.1.25 వంటి అంకెల చిరునామా ఉండాలి. ఒకే అంకె రెండింటికి పడితే, రెండిళ్ళకు ఒకే డోరు నంబరు వేసినట్లే. పోస్టుమాను ఉత్తరం ఎవరికిస్తాడు?

పూర్వం ఈ అంకెలను మనుషులే ఒక్కొక్క యంత్రానికీ వేసి, పుస్తకంలో రాసుకునేవారు. 1985లో బూట్‌పి అనే పద్ధతి వచ్చింది గాని, దానికీ ముందుగా పట్టిక రాసిపెట్టవలసిందే. 1993లో అమెరికాలోని బక్నెల్ విశ్వవిద్యాలయపు రాల్ఫ్ డ్రామ్స్ రచించిన ప్రమాణంతో ఆ శ్రమ తీరింది. 1997లో దానిని సవరించారు. మన సైబర్ టవర్స్ ప్రారంభమైనది ఆ మరుసటి ఏడే, 1998లో.

పని జరిగే తీరు సత్రంలో గది తీసుకున్నట్లే ఉంటుంది. కొత్తగా వచ్చిన యంత్రం, "చిరునామా ఇచ్చేవారెవరండీ?" అని అందరికీ వినబడేలా కేకవేస్తుంది. "ఫలానా అంకె ఖాళీగా ఉన్నది" అంటుంది సర్వరు. "అదే ఇప్పించండి" అంటుంది యంత్రం. "ఇచ్చాను, ఇంత గడువు" అని సర్వరు రాసుకుంటుంది. గడువు సగమయ్యేసరికి యంత్రమే మళ్ళీ అడిగి పొడిగించుకుంటుంది.

ఇక ఏర్పాటు సంగతి. మియాపూరులో అరవై మంది ఉండే హాస్టలు ఒకటి అనుకుందాం. మనిషికొక ఫోను, ఒక ల్యాప్‌టాపు చొప్పున 120 యంత్రాలు. సర్వరుకు పంచడానికి 100 అంకెలే ఇచ్చి, గడువు ఎనిమిది రోజులు పెట్టారనుకోండి. ఖాళీ చేసి వెళ్ళినవారి అంకెలు కూడా గడువు తీరేదాకా చిక్కుకుపోతాయి. కొత్తగా చేరిన అమ్మాయికి ఆ రాత్రే ఉద్యోగపు ఇంటర్వ్యూ. ఆమె ల్యాప్‌టాపుకు అంకె దొరకదు! 169.254తో మొదలయ్యే అంకె కనబడితే, సర్వరు నుంచి జవాబు రాలేదని గ్రహించాలి.

మందు సులువే. సర్వరుకు, రౌటరుకు, ప్రింటరుకు, కెమెరాలకు 1 నుంచి 19 దాకా అట్టేపెట్టి, 20 నుంచి 249 దాకా పంపకానికి వదలండి: 230 అంకెలు వస్తాయి. గడువు ఒక రోజు చాలు. రౌటరు చిరునామా, పేర్లను అంకెలుగా మార్చే సర్వరు చిరునామా కూడా అందులోనే రాయండి.

మరొక్క జాగ్రత్త. ఎవరైనా తమ గదిలో సొంత రౌటరు తెచ్చి, తీగను తప్పు రంధ్రంలో పెడితే, అదీ అంకెలు పంచడం మొదలుపెడుతుంది. దాని మాట విన్న యంత్రాలన్నీ దారి తప్పుతాయి. ఒకే సత్రానికి ఇద్దరు గుమాస్తాలు పనికిరారు.